రెండు ఇంజన్ల విహారనౌక

అమెరికా పడమటి తీరాన సియాటిల్ నగరం నుంచి ఉత్తరంగా, కెనడా తీరం వెంబడి అలాస్కా దాకా సుమారు వేయి మైళ్ళ జలమార్గం ఒకటి ఉన్నది. ఒక ప్రక్క కొండలు, రెండవ ప్రక్క వరుసగా ద్వీపాలు. మహాసముద్రపు పెద్ద అలలను ఆ ద్వీపాలు చాలావరకు అడ్డుకుంటాయి. అయినా అది సులభమైన దారి కాదు. వేసవిలో కూడా చలి, వాన, పొగమంచు. పోటుపాటులు వచ్చినప్పుడు ఇరుకు జలసంధులలో నీరు వరద నదివలె పరుగెత్తుతుంది. అడవులలో నరికిన దుంగలు కొన్ని నీట పడి, నాని బరువెక్కి, తల మాత్రం పైకి పెట్టి తేలుతుంటాయి.

ఈ దారిలో కుటుంబాలతో వారాల తరబడి తిరిగేవారు ఉన్నారు. వారిలో చాలామంది మెచ్చే పడవకు ఒక రూపం ఏర్పడింది. పొడవు 45 నుంచి 55 అడుగులు. ముందు భాగాన కొంచెం ఎత్తున, నాలుగు వైపులా అద్దాలు బిగించిన చుక్కాని గది. దాని వెనుక రెండు మెట్లు దిగితే వంటిల్లు, కూర్చునే హాలు. ఆ హాలు నేల పలకలు ఎత్తితే, కింద ప్రక్కప్రక్కన రెండు డీజెల్ ఇంజన్లు. మన గోదావరి లాంచీలో సరంగు కూర్చునే చోటు తెలిసినవారు ఈ పడవను ఊహించుకోగలరు. అయితే ఇది ప్రయాణికుల లాంచీ కాదు, తేలే ఇల్లు.

ఇట్టి పడవను కొనేవాడికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇంజను ఒకటి కావాలా, రెండు కావాలా అన్నది. రెండుంటే ఒకటి చెడినా మరొకటి ఒడ్డు చేరుస్తుందని ఎవరైనా చెబుతారు. అది నిజమే, కాని సగమే నిజం. రెండవ సగం తెలియాలంటే డీజెల్ ఇంజను నీటిమీదికి ఎలా వచ్చిందో చూడాలి.

సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం విద్యార్థులందరూ ఎరుగుదురు. గాలిని అదిమితే వేడెక్కుతుంది. దానిని పదిహేనో వంతుకో ఇరవయ్యో వంతుకో ఒక్కసారిగా అదిమితే 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడి పుడుతుంది. ఆ గాలిలోకి నూనెను తుంపరగా చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజెల్ ఇంజనుకు మూలసూత్రం ఇదే. 1858లో పారిస్‌లో జర్మన్ తల్లిదండ్రులకు పుట్టిన ఈయన మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండే వద్ద ఉష్ణగతిశాస్త్రం చదివాడు. ఆవిరియంత్రం బొగ్గులోని శక్తిలో తొంభై వంతుల వరకు వృథా చేస్తున్నదన్న విషయం ఆయనను వదలలేదు. 1893లో పేటెంటు దొరికింది. ఆ ఏడు ఆగస్టులో ఔగ్స్‌బర్గ్‌లో జరిపిన మొదటి పరీక్షలో పీడనాన్ని కొలిచే పరికరం పేలి, ముక్కలు ఎగిరిపోయాయి. మరుసటి ఏడు ఫిబ్రవరి 17న ఇంజను ఒక నిమిషం పాటు తనంత తాను నడిచింది. 1897లో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించినప్పుడు సుమారు 18 అశ్వశక్తుల బలం, 26.2 శాతం సామర్థ్యం తేలాయి. ఆనాటి ఏ ఉష్ణయంత్రానికీ ఆ అంకె అందలేదు.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజెల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. వేరుశనగ పండించే సీమలవారు ఈ సంగతిని గుర్తుంచుకోదగును.

ఇంత మంచి యంత్రం వెంటనే ఓడలకు ఎందుకు ఎక్కలేదు? మొదటి చిక్కు బరువు. ఔగ్స్‌బర్గ్ ఇంజను ఎత్తు 3 మీటర్లు. అది ఇచ్చిన బలం ఈనాటి చిన్న కారు ఇచ్చే బలంలో మూడో వంతైనా లేదు. రెండవ చిక్కు ఇంకా పెద్దది. ఓడ రేవులో ఆగాలంటే ప్రొపెల్లరును వెనక్కి తిప్పాలి. ఆవిరియంత్రం ముందుకూ వెనుకకూ తిరుగుతుంది. డీజెల్ ఇంజను అప్పటికి ఒకవైపే తిరిగేది. 1903లో రష్యాలో నోబెల్ సోదరుల చమురు సంస్థ వోల్గా జలమార్గం కోసం నడిపిన 'వాండాల్' అనే ఓడలో ఈ చిక్కును చుట్టుదారిన తప్పించారు. ఒక్కొక్కటి 120 అశ్వశక్తుల ఇంజన్లు మూడు విద్యుత్తును పుట్టించేవి. ప్రొపెల్లర్లను తిప్పినవి విద్యుత్ మోటార్లు. మోటారును వెనక్కి తిప్పడానికి విద్యుత్ ప్రవాహాన్ని మారిస్తే చాలు. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే రెండు వైపులా తిరిగే డీజెల్ ఇంజన్లు తయారైనాయి.

1910లో దక్షిణ ధ్రువానికి బయలుదేరే ముందు అముండ్‌సెన్ తన 'ఫ్రామ్' నౌకలోని పాత ఆవిరియంత్రాన్ని తీసివేయించి, స్వీడన్‌లో తయారైన 180 అశ్వశక్తుల డీజెల్ ఇంజను ఒకటి పెట్టించాడు. బాయిలరుకు నిప్పు వేసి ఆవిరి కోసం కాచుకోవలసిన పని లేదు. గాలి పడిపోయినప్పుడు కొద్ది నిమిషాలలో ఇంజను నడుస్తుంది. గాలి లేచినప్పుడు ఆపివేస్తే ఒక్క చుక్క నూనె ఖర్చుకాదు. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన సముద్రంలోకి ఆ ఓడ ఒక్క ఇంజనుతో పోయింది. అయితే దానికి తెరచాపలున్నాయి. తెరచాపే ఆ ఓడకు రెండవ ఇంజను అనవచ్చు.

తెరచాప అండ లేకుండా, పూర్తిగా డీజెల్‌నే నమ్ముకొని మహాసముద్రాలు దాటిన మొదటి పెద్ద నౌకగా చరిత్రలో నిలిచినది డెన్మార్కు ఓడ 'సెలాండియా'. కోపెన్‌హేగన్‌లో బర్మైస్టర్ అండ్ వైన్ సంస్థ దానిని కట్టింది. 1912 ఫిబ్రవరిలో అది బాంకాక్‌కు బయలుదేరింది. దానిలో రెండు ఇంజన్లు, రెండు ప్రొపెల్లర్లు. ఒక్కొక్క ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు, 1,250 అశ్వశక్తులు. భాగించి చూస్తే ఒక్కొక్క సిలిండరు వాటా 156 అశ్వశక్తులు. అప్పటి శిల్పులకు సిలిండరును అంతకంటె చాలా పెద్దది చేసే ధైర్యం లేదు. కాబట్టి రెండు ఇంజన్లు పెట్టడంలో రెండు ప్రయోజనాలు కలిసివచ్చాయి. కావలసిన బలం సమకూరింది. కొత్త యంత్రాన్ని నమ్మని నావికుల భయమూ కొంత తీరింది. పొగగొట్టం లేని ఆ ఓడ లండన్ రేవుకు వచ్చినప్పుడు నౌకాదళ మంత్రిగా ఉన్న చర్చిల్ దానిని చూడవచ్చాడు. ఇంజన్ల పొగ ఓడ స్తంభంలోనుంచి పైకి పోయేది.

సెలాండియా విజయాన్ని చూసిన మరుసటి ఏడే, 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకు పోతున్న ఓడ మీదనుంచి డీజెల్ మాయమైనాడు. పది రోజుల తరువాత ఆయన శవం సముద్రంలో కనబడింది. ఆయన చివరి ప్రయాణం చేసిన ఆ ఓడ నడిచింది మాత్రం ఆవిరితోనే. ఆవిరి అంత సులభంగా తప్పుకోలేదు. సెలాండియా బయలుదేరిన 36 ఏళ్ళకు, 1948 మార్చి 14న, విశాఖపట్నంలో నెహ్రూ నీటిలోకి విడిచిన 'జల ఉష' కూడా ఆవిరి ఓడే.

ఇక చిన్న పడవల సంగతి. 1880ల నాటి అమెరికాలో ఆవిరి లాంచీ నడపాలంటే లైసెన్సు గల ఇంజనీరు ఉండవలసిందే. సరదాగా తిరిగే గృహస్థుకు ఆ జీతం బరువు. అందుకని నీటికి బదులు నాఫ్తాను మరిగించి నడిపే లాంచీలు పుట్టాయి. చట్టం నీటి ఆవిరి బాయిలరును పట్టుకున్నదే గాని నాఫ్తాను పట్టుకోలేదు! మండే ద్రవాన్నే మరిగించే యంత్రాన్ని భద్రతా చట్టం నుంచి తప్పించుకోవడానికి వాడుకోవడం మనుషుల తెలివికి ఒక నమూనా.

తరువాత పెట్రోలు ఇంజను వచ్చింది. తేలిక, చవక. కాని పడవలో పెట్రోలు రోడ్డుమీది పెట్రోలు వంటిది కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. కారులో అది కారితే కింద పడి గాలికి చెదిరిపోతుంది. పడవ అడుగు మూసిన గిన్నె వంటిది. కారిన ఆవిరి అక్కడే పేరుకుంటుంది. సున్నకు 40 డిగ్రీల దిగువన కూడా పెట్రోలు అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. డీజెల్ నూనె 50 డిగ్రీలు దాటేవరకు అటువంటి ఆవిరిని ఇవ్వదు. కుటుంబం నిద్రపోయే గది పక్కనే ఇంజను ఉండే పడవలో డీజెల్‌ను కోరడానికి పొదుపుకంటె ముందు చెప్పవలసిన కారణం ఇదే.

పెట్రోలుకు మరొక లోపం దూరం. 1921-22లో 'స్పీజాక్స్' అనే 98 అడుగుల పెట్రోలు పడవ భూమిని చుట్టివచ్చింది. మోటారు పడవలలో అదే మొదటిది. కాని పసిఫిక్ మహాసముద్రంలో పనామా నుంచి తాహితీ దాకా దానిని ఒక ఆవిరి ఓడ తాడు కట్టి లాక్కుపోయింది. మోయగలిగిన పెట్రోలు అంత దూరానికి చాలదు.

మరి చిన్న పడవలు వెంటనే డీజెల్‌కు ఎందుకు మారలేదు? నూనెను సిలిండరులోకి చిమ్మడానికి డీజెల్ అదిమిన గాలిని వాడాడు. ఆ గాలి కోసం ప్రతి ఇంజనుకూ బరువైన గాలిపంపు కావాలి. పెద్ద ఓడకు అది లెక్కలోనిది కాదు. నలభై అడుగుల పడవకు మోయరాని బరువు. గాలి సాయం లేకుండా, నూనెను నూనె పీడనంతోనే చిమ్మే చిన్న పంపును జర్మనీలో బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. పుస్తకాలలో ఒక వాక్యంతో దాటిపోయే ఈ పంపు లేకపోతే డీజెల్ లారీ లేదు, డీజెల్ పడవా లేదు. దానిలోని ముషలకం, దానిని చుట్టిన గొట్టం ఎంత సన్నని సందుతో అమరుతాయంటే, ఆ సందును మిల్లీమీటరులో వేయో వంతులలో కొలవాలి. ఈ సంగతి మనకు మళ్ళీ అక్కరకు వస్తుంది.

1936లో మారిన్-మారీ అనే ఫ్రెంచి చిత్రకారుడు 'ఆరియెల్' అనే 42 అడుగుల పడవలో ఒంటరిగా న్యూయార్క్ నుంచి ఫ్రాన్సు చేరాడు. పట్టినవి 19 రోజులు. ఉన్నది ఒకే ఒక నాలుగు సిలిండర్ల డీజెల్ ఇంజను. రెండేళ్ళకు అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ '71' అనే వరుస డీజెల్ ఇంజన్లను తెచ్చింది. 71 ఘనపు అంగుళాలు ఒక్కొక్క సిలిండరు పరిమాణం. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులను ఒడ్డుకు దింపే పడవలు వేలకు వేలు కట్టారు. వాటిలో చాలా వాటికి ఈ ఆరు సిలిండర్ల ఇంజను 225 అశ్వశక్తులతో నడిచింది. మనుషులను దింపే చిన్న పడవకు ఒకటి, టాంకును దింపే పెద్ద పడవకు రెండు. యుద్ధం ముగిసిన తరువాత మిగిలిన ఇంజన్లు చవకగా చేపల పడవలలోకి, విహారనౌకలలోకి చేరాయి. రెండు ఇంజన్ల విహారనౌక సామాన్య సంపన్నునికి అందుబాటులోకి రావడానికి ఆ యుద్ధం మిగులు ఒక కారణం.

అటుపైన కథ ఆసియా తీరానికి మారుతుంది. 1963లో హాంకాంగ్‌లో అమెరికన్ మెరీన్ అనే సంస్థ కెన్నెత్ స్మిత్ గీసిన 'స్ప్రే' అనే 36 అడుగుల పడవను కట్టింది. గ్రాండ్ బ్యాంక్స్ పేరుతో ప్రసిద్ధమైన పడవలకు అదే తల్లి. ఇంజను ఒకటైనా రెండైనా, కొనేవారి కోరిక. 1970ల చివరి నుంచి తైవాన్‌లోని కావోష్యుంగ్‌లో ఓషన్ అలెగ్జాండర్ సంస్థ, సియాటిల్ ప్రాంతపు రూపశిల్పి ఎడ్ మంక్ జూనియర్ గీసిన నమూనాలతో, మనం మొదట వర్ణించిన చుక్కాని గది పడవలను కట్టి అమెరికాకు పంపింది.

ఆ గది కథ వేరే చోట మొదలైంది. తెరచాప ఓడలో చుక్కాని పట్టేవాడు వెనుక భాగాన, ఎండకు వానకు నిలబడి, తెరచాపల మీద కన్ను వేసి ఉండాలి. అతనికి గది కడితే చాపలు కనబడవు. ఆవిరి వచ్చి చాపలు పోయిన తరువాతనే అతనికి కప్పు దొరికింది. మిసిసిపి నదిలో ఆవిరి పడవల నెత్తిన అద్దాల గది వెలసింది. మార్క్ ట్వేన్ పేరుతో రచయిత అయిన క్లెమెన్స్ 1859లో పైలట్ లైసెన్సు పొంది, పనిచేసింది అట్టి గదులలోనే. చుక్కాని గదిని హాలు నుంచి వేరుచేయడంలో ఒక శారీరక శాస్త్ర విషయం కూడా ఉన్నది. వెలుతురు నుంచి చీకటిలోకి వచ్చిన కంటికి పూర్తి చూపు రావడానికి దాదాపు అరగంట పడుతుంది. హాలులో దీపం వెలిగితే రాత్రి నడిపేవాడికి అద్దంలో తన ముఖమే కనబడుతుంది గాని నీటిలోని దుంగ కనబడదు. చలిలో వానలో ఎనిమిది గంటలు నిలబడి తడిసినవాడు తప్పు చేస్తాడు. పొడిగా కూర్చున్నవాడు తక్కువ తప్పులు చేస్తాడు. సౌఖ్యం ఇక్కడ విలాసం కాదు.

ఇంజన్ల సంఖ్యకు వచ్చేముందు వేగాన్ని గురించి ఒక చిన్న లెక్క. పడవ కదిలితే అలలు పుడతాయి. వేగం హెచ్చితే అల పొడవు హెచ్చుతుంది. అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు పడవ తాను పుట్టించిన అల గుంటలో చిక్కుకుంటుంది. అంతకుమించి పోవాలంటే ఆ అలను ఎక్కవలసినట్లే. 1872 ప్రాంతాన ఇంగ్లండులో టార్క్వే వద్ద విలియం ఫ్రూడ్ నీటి తొట్టెలో నమూనా ఓడలను లాగి ఈ శాస్త్రానికి పునాది వేశాడు. నీటి మట్టం వద్ద పడవ పొడవు అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 49 అడుగులైతే వర్గమూలం 7, హద్దు 9.4 నాట్లు. ఈ హద్దు లోపల కావలసిన బలం సుమారుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 9 నాట్లకు బదులు 7 నాట్లతో పోతే బలం సగంకన్న కొంచెం తక్కువ చాలు. మైలుకు ఖర్చయ్యే నూనె అరవై వంతులకు దిగుతుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇవ్వవచ్చు.

ఇదే లెక్కతో మరొకటి చూడండి. రెండు ఇంజన్లతో 8 నాట్లు పోతున్న పడవలో ఒకటి ఆగిపోయింది. బలం సగమైంది. వేగం సగమవుతుందా? కాదు; సగానికి ఘనమూలం 0.79. కాబట్టి 6.3 నాట్లు. ఆగిన ప్రొపెల్లరు అడ్డుపడడం వలన ఇంకా కొంత తగ్గుతుంది. అయినా ఇల్లు చేరడానికి చాలు. గాలి రాళ్ళ ఒడ్డు వైపుకు తోస్తున్న వేళ ఆ ఆరు నాట్లే ప్రాణాలు. రెండు ప్రొపెల్లర్లతో మరొక లాభం: ఒకదానిని ముందుకు, ఒకదానిని వెనక్కి తిప్పితే పడవ ఉన్నచోటనే తిరుగుతుంది. వయసుమళ్ళిన దంపతులు ఇరుకు రేవులో పడవ కట్టుకోవడానికి ఇది ఎంతో ఉపకారం.

అయితే దీనికి ఎదురు చెప్పినవారు ఉన్నారు. అమెరికా నౌకాదళంలో కెప్టెన్‌గా పనిచేసిన రాబర్ట్ బీబ్ 1963లో సింగపూరులో తన 50 అడుగుల 'పాసేజ్‌మేకర్' పడవను కట్టించి, హిందూ మహాసముద్రం మీదుగా గ్రీసు దేశానికి నడిపాడు. దానిలో ఒకే ఇంజను. 1975లో ప్రచురించిన తన గ్రంథంలో దూరప్రయాణానికి నెమ్మదిగా నడిచే పడవనే సమర్థించాడు. ఒకే ఇంజను పడవలో ప్రొపెల్లరు నడిమధ్యన, పడవ వెన్నుదూలం చాటున ఉంటుంది. తేలే దుంగ ముందు ఆ దూలానికి తగులుతుంది. రెండు ఇంజన్ల పడవలో ప్రొపెల్లర్లు రెండు ప్రక్కలా బయటికి ఉంటాయి. దుంగ తిన్నగా వాటికే తగలవచ్చు. దుంగలతో నిండిన ఆ ఉత్తరపు నీటిలో ఇది మాటవరసకు చెప్పేది కాదు.

ఇంకొకటి ఉన్నది, అదే అసలైనది. నడుస్తున్న డీజెల్ ఇంజను ఆగిపోవడానికి తరచుగా కారణం ఇంజను కాదు, దాని ఆహారం. తొట్టెలో గాలి చల్లబడినప్పుడు తేమ నీరై అడుగున చేరుతుంది. నీరూ నూనే కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు కడుతుంది. పడవ రేవులో ఉన్నన్నాళ్ళు ఆ మడ్డి కదలకుండా పడి ఉంటుంది. గాలివానలో పడవ ఊగినప్పుడే అది లేచి, వడపోత గిన్నెలను మూసివేస్తుంది. వాటిని దాటిన నీరూ మురికీ వేయో వంతు సందు గల ఆ చిన్న పంపును పాడుచేస్తాయి. అంటే ఇంజను చెడే వేళ కూడా, మనకు అది అత్యవసరమైన వేళే. రెండు ఇంజన్లూ ఒకే తొట్టెలోని నూనె తాగుతుంటే ఒకటి ఆగిన కొద్ది నిమిషాలకు రెండవదీ ఆగుతుంది. పైకి రెండు ఇంజన్లున్న ఆ పడవకు లెక్కలో ఉన్నది ఒకటే.

ఏది మేలు అంటే నా మట్టుకు, తీరం వెంబడి తిరిగే దంపతులకు రెండు ఇంజన్లే ఎన్నుకుంటాను; మహాసముద్రం దాటేవాడికి బీబ్ మాటే సరి. కాని తీరపు పడవ కొనేటప్పుడు ఎరిగినవాడు అశ్వశక్తుల లెక్క దగ్గర, పరుపుల మెత్తదనం దగ్గర ఎక్కువసేపు నిలవడు. హాలు నేల పలకలు ఎత్తించి, టార్చిలైటు పట్టుకొని కిందికి దిగుతాడు. ఎడమ ఇంజను నూనెగొట్టాన్ని చేతితో తడుముతూ తొట్టె దాకా వెనక్కి పోతాడు. మళ్ళీ వచ్చి కుడి గొట్టాన్ని పట్టుకుంటాడు. రెండూ వేరువేరు తొట్టెలకు పోతే, ఒక్కొక్క దారిలో రెండేసి వడపోత గిన్నెలు ఉండి ఒకటి విప్పి కడుగుతుండగా రెండవదానితో ఇంజను నడిచేటట్లు మరలు అమర్చి ఉంటే, అప్పుడు పైకి వచ్చి చుక్కాని గదిలో కూర్చుని ధర మాట్లాడతాడు.